హోమర్ పాఠం చెప్పిన క్రైస్తవ పంతుళ్లు

పారిస్‌లోని సోర్బోన్‌లో ఒక బడిపిల్లవాడి నోటు పుస్తకం ఉంది. ఈజిప్టులో దొరికిన పపైరస్, 4వ శతాబ్దానిది, పట్టుమని పదకొండు ఆకులు. దాన్ని కొని తెచ్చినవాడి పేరుమీద బూరియాన్ పపైరస్ అంటారు. మొదట చిన్న చిన్న మాటలు, ఆ తర్వాత రెండు మూడు నాలుగు అక్షరాల మాటలు వరసగా రాయించారు. వాటిలో పురాణ పురుషుల పేర్లే ఎక్కువ. ఆపైన డయోజెనిస్ అనే విరాగి మీద చెప్పుకునే చమత్కార కథలు ఐదు. తర్వాత మెనాండర్ పేరుతో ఒక్కొక్క పాదంలో ముగిసే నీతులు, అక్షరక్రమంలో. చివర బాబ్రియస్ నీతికథల పీఠికలో ఒక ముక్క. అంతా గ్రీకు బడి చదువే. కాకపోతే పేజీల నెత్తిన, మనవాళ్లు శ్రీకారం చుట్టినట్టు, క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపి గుర్తుగా వేసి ఉన్నాయి.

ఆ పిల్లవాడికి గానీ వాడి పంతులుకు గానీ ఇందులో పొసగనిదేదీ కనిపించినట్టు లేదు.

గ్రీకు కవిత్వం, తత్వం తొలినాళ్ల క్రైస్తవం మీద చూపిన ప్రభావం గురించి గ్రంథాలు కొల్లలు. ప్లేటో భావం ఏది ఏ సంఘ పితకు ఎలా చేరిందో వంశవృక్షాలు గీసి చూపించారు. నాకు మాత్రం ఆ వంశవృక్షాల కంటే ఈ నోటు పుస్తకం మీద గురి ఎక్కువ. నేను గుంటూరు జిల్లాలో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది లూథరన్ ఇంట్లో. నా చేత గజేంద్రమోక్షం కంఠతా పట్టించింది మిషన్ హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన బ్రాహ్మణ మాస్టారు. పెద్దయ్యాక నేనూ అదే పాఠం చెప్పాను. మా సంఘ పెద్ద ఒకాయన నన్ను ఆపి అడిగాడు: "ఏం టీచరమ్మా, ఆదివారం కీర్తనలు పాడి సోమవారం విష్ణుమూర్తి పద్యాలు చెబుతావే, ఎట్లా కుదురుతుందమ్మా నీకు?" స్టాఫ్ రూములో మరొకాయన మర్యాదగానే అన్నారు: "ఆ భక్తి లేకుండా పోతన్ని చెప్పడం కష్టమేమో కదండీ మేడమ్." ఒకరు గుడి వైపు నుంచి, ఒకరు బడి వైపు నుంచి అడిగినా ప్రశ్న ఒకటే. దాని వయసు 1800 ఏళ్లని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ నాటి గ్రీకు ప్రపంచంలో చదువంటే హోమరే. పిల్లవాడికి అక్షరాలు రాగానే ఇలియడ్ పాదాలు రాయించేవారు. దేవుళ్ల పేర్లు, వాళ్ల పెళ్లిళ్లు, కొట్లాటలు వ్యాకరణంతో కలిసే వచ్చేవి. క్రైస్తవులు తమ పిల్లల కోసం వేరే బడులు పెట్టుకోలేదు. పెట్టుకోవాలన్న ఆలోచన కూడా పెద్దగా చేసినట్టు కనిపించదు. ప్రార్థన, లేఖనం ఇంట్లోనూ సంఘంలోనూ నేర్పి, చదువుకు పిల్లల్ని ఊరి పంతులు దగ్గరికే పంపారు.

ఆ బడి వాసన కొత్త నిబంధనలోనే తగులుతుంది. అపొస్తలుల కార్యముల 17వ అధ్యాయంలో పౌలు ఏథెన్సులో స్తోయికులతో, ఎపికూరీయులతో వాదించి, అరేయొపగు సభలో నిలబడి మాట్లాడతాడు. అక్కడ ఆయన మోషేనో యెషయానో ఎత్తుకోలేదు. మీ కవులే చెప్పారంటూ ఆరాటస్ పద్యం ముక్క ఒకటి వాడాడు. నక్షత్రాల మీద కావ్యం రాసిన ఈ ఆరాటస్ కిలికియలోని సోలి వాడు. పౌలుది అదే కిలికియలోని తార్సు. పక్క ఊరి కవి అన్నమాట. ఆ పద్యంలో ఉన్న దేవుడు జ్యూస్. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో చెడు సావాసం గురించి వచ్చే మాట మెనాండర్ నాటకంలోదని పండితులు తేల్చారు. తీతుకు రాసిన పత్రికలో క్రేతు వాళ్లను తిట్టిన మాట క్రేతు వాడైన ఎపిమెనిడిస్‌దని పాతకాలం నుంచీ చెబుతున్నారు.

దీన్ని పట్టుకుని పౌలును గొప్ప గ్రీకు సాహిత్య పండితుడిగా నిలబెట్టే వాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. సుమతీ శతకం పుస్తకం ముట్టని వాళ్లు కూడా మన దగ్గర దాన్ని వల్లిస్తారు. మెనాండర్ నీతులూ అంతే, బజారులో చెలామణీ అయ్యేవి. ఏథెన్సు ఉపన్యాసం వల్ల ఒరిగింది కూడా కొంచెమే. మృతుల పునరుత్థానం మాట రాగానే కొందరు నవ్వారు, దియొనూసి, దమరి, ఇంకా కొందరు నమ్మారు.

నిజంగా తత్వం చదివి, ఆ గుర్తింపు వదలకుండా క్రైస్తవుడైన వాడు జస్టిన్. సమరయ దేశంలో ఇప్పటి నాబ్లూస్ ఆయన ఊరు. తన చదువు కథ తానే రాసుకున్నాడు. మొదట ఒక స్తోయికుడి దగ్గర చేరితే దేవుడి ఊసే ఎత్తలేదు. అరిస్టాటిల్ పరంపర గురువు నాలుగు రోజులు తిరగ్గానే ఫీజు సంగతి తేల్చమన్నాడు. పైథాగరస్ పరంపర గురువు ముందు సంగీతం, ఖగోళం, రేఖాగణితం నేర్చుకుని రమ్మని పంపేశాడు. చివరికి ప్లేటో పద్ధతిలో మనసు కుదిరింది, ఆ తర్వాతే సముద్రపు ఒడ్డున కలిసిన ఒక ముసలాయన మాటలతో క్రీస్తు వైపు తిరిగాడు. అయినా తత్వవేత్తలు కప్పుకునే అంగీ తీయలేదు. రోములో ఒక స్నానశాల పైన గదిలో ఉంటూ వచ్చినవాళ్లకు పాఠం చెప్పాడు. లోకాన్ని నడిపించే దైవ వివేకం అందరిలోనూ విత్తనంలా ఉందని, దాని ప్రకారం బతికిన సోక్రటీసు, హెరాక్లిటస్ క్రీస్తుకు ముందే క్రైస్తవులని రాశాడు. 165 ప్రాంతంలో ఆయనకు మరణశిక్ష వేసిన రోము అధికారి జూనియస్ రుస్టికస్ ఎవరంటే, చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు స్తోయిక తత్వం నేర్పిన గురువు. ఒక తత్వవేత్తను ఇంకో తత్వవేత్త చంపించాడని చరిత్ర పుస్తకాలు గట్టిగా చెప్పవు గానీ, జరిగింది అదే.

ఇక మా సంఘ పెద్ద ప్రశ్న. దాన్ని మొదట పదును పెట్టి అడిగింది కార్తేజ్ నగరపు టెర్టూలియన్, 200కు అటూ ఇటూ. ఏథెన్సుకూ యెరూషలేముకూ పొత్తేమిటని నిలదీసిన మనిషిగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యం ఆయన విగ్రహారాధన మీద రాసిన పుస్తకంలో బడిపంతుళ్ల గురించిన ముక్క. పంతులు దేవుళ్ల పేర్లు, వంశాలు, ఆభరణాలు పిల్లలకు వివరించాలి. కొత్త పిల్లవాడు తెచ్చిన మొదటి జీతం మినర్వా దేవి పేర అర్పించాలి. పండగలకు బడిని పూలతో అలంకరించాలి. కాబట్టి క్రైస్తవుడు ఈ వృత్తి చేయరాదన్నాడు. అయితే చదవకుండా ఎలా? లేఖనం అర్థం కావాలన్నా చదువు రావాలి. అందుకని ఒక మెలిక పెట్టాడు: క్రైస్తవ పిల్లవాడు ఆ బడిలో నేర్చుకోవచ్చు, క్రైస్తవుడు ఆ బడిలో నేర్పకూడదు. నేర్చుకునేవాడు విషమని తెలిసి పుచ్చుకోకుండా ఉండగలడు, నేర్పేవాడు మాత్రం చెప్పిన ప్రతిదాన్నీ మెచ్చుకున్నట్టేనని ఆయన వాదన.

అదే కాలానికి చెందినదని చెప్పే 'అపొస్తలుల సంప్రదాయం' అనే నియమాల పుస్తకం ఇంకొంచెం దయగా ఉంది. బాప్తిస్మం కోరి వచ్చినవాళ్ల వృత్తులు అందులో ఒక్కొక్కటిగా విచారిస్తారు. విగ్రహాలు చెక్కేవాడు మానాలి, కత్తిసాము పందేల వాడు మానాలి. బడిపంతులు మానితే మంచిది, కానీ వేరే బతుకుతెరువు లేకపోతే ఉండనివ్వవచ్చు. ఆ వాక్యం రాసిన మనిషి ఎవరో గానీ, పంతుళ్ల ఇళ్లు చూసినవాడై ఉంటాడు.

అలెగ్జాండ్రియాలో మాత్రం ఇలాంటి బెరుకు తక్కువ. అక్కడ పాంటేనస్ అనే గురువు ఉండేవాడు. ఆయన ఇండియా దాకా వెళ్లి వచ్చాడని చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. ఆయన శిష్యుడు క్లెమెంట్ గ్రీకు కవుల్ని ఎంతగా ఉటంకించాడంటే, మూలగ్రంథాలు పోయిన ఎన్నో పద్యాలు ఇవాళ ఆయన పుస్తకాల్లోనే మిగిలాయి. బుద్ధుడి పేరు కూడా ఆయన పుస్తకంలో ఉంది. ఆయన 'ప్రోత్రెప్టికోస్' మొదలయ్యేదే పాటతో మృగాలను మచ్చిక చేసిన ఆర్ఫియస్ వంటి గాయకుల కథలతో. ఇప్పుడు అంతకన్నా కొత్త పాట వచ్చింది, వినండి అంటాడు. ఒడిస్సీలో సైరెన్‌లనే మాయగత్తెల పాట దగ్గర ఒడిసియస్ తనను ఓడ కొయ్యకు కట్టించుకుంటాడు. ఆ కొయ్యను క్లెమెంట్ సిలువ చేశాడు, కొయ్యకు కట్టుకున్నవాడు గట్టు చేరతాడన్నాడు. మరోచోట అదే కథను ఎదురు తిప్పాడు. ఆ ఓడలో నావికులు చెవుల్లో మైనం పెట్టుకుంటారు కదా, గ్రీకు చదువుకు జడిసి చెవులు మూసుకునే విశ్వాసులు ఆ నావికుల్లాంటి వాళ్లని, ఒకసారి వింటే ఇంటిదారి మరిచిపోతామని వాళ్ల భయమని ఎగతాళి చేశాడు. మా సంఘ పెద్దకు ఆ జవాబు చెప్పాలని అనిపించింది గానీ పెద్దవాడు, ఊరుకున్నాను.

క్లెమెంట్ తర్వాతి తరం వాడు ఒరిజెన్. తండ్రి లియొనిదాస్‌ను 202లో హింసల్లో చంపేశారు, ఆస్తి జప్తు చేశారు. ఏడుగురు కొడుకుల్లో పెద్దవాడు, వయసు ఇంకా పదిహేడు నిండలేదు. ఇల్లు గడవడానికి ఏం చేశాడు? గ్రీకు సాహిత్యం చెప్పే బడి పెట్టాడు. టెర్టూలియన్ వద్దన్న వృత్తే హతసాక్షి ఇంటికి కూడు పెట్టింది. కొంతకాలానికి అది మానేసి వాక్యబోధకే నిలబడాలనుకున్నప్పుడు తన దగ్గరున్న సాహిత్య గ్రంథాలన్నీ ఒకరికి ఇచ్చేసి, బదులుగా రోజుకు నాలుగు ఒబోలు కాసులు తీసుకుంటూ బతికాడు. పుస్తకాలు వదిలాడు గానీ పద్ధతి వదల్లేదు. హోమర్ కథల్లో దేవుళ్ల రంకులూ బొంకులూ చూసి సిగ్గుపడ్డ స్తోయికులు వాటికి లోపలి అర్థాలు చెప్పేవారు. ఒరిజెన్ ఆ విద్యను మోషే గ్రంథాల మీదికి మళ్లించాడు. అది తమ విద్య అని, దాన్ని ఎత్తుకుపోయి పరాయి కథలకు వాడాడని ప్లేటో పక్షపు పోర్ఫిరీ మండిపడ్డాడు. ఒరిజెన్‌కు ఇంకో లెక్క ఉంది: ఐగుప్తు నుంచి బయలుదేరిన ఇశ్రాయేలీయులు అక్కడి బంగారం తెచ్చి దేవుడి గుడారానికి వాడలేదా?

తర్వాత పాలస్తీనాలోని కైసరయలో ఆయన పెట్టిన బడి గురించి ఒక శిష్యుడి వీడ్కోలు ప్రసంగం మిగిలింది. ఆ శిష్యుడు గ్రెగొరీ న్యాయశాస్త్రం చదవడానికి బేరూత్ బయలుదేరి, దారిలో ఒరిజెన్ మాటలకు చిక్కి ఆగిపోయినవాడు. అక్కడ తర్కం, రేఖాగణితం, ఖగోళం, నీతి అయ్యాకే లేఖనం. దేవుడు లేడన్నవాళ్లను తప్ప తత్వవేత్తలందరినీ, కవులనూ చదివించేవాడట. ఇంత విశాలమైన పాఠ్యప్రణాళిక నేను పనిచేసిన ఏ బడిలోనూ చూడలేదు.

మూడో శతాబ్దం గడిచేసరికి టెర్టూలియన్ నిషేధాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గారు. అంతియొకయలో గ్రీకు అలంకారశాస్త్ర పాఠశాలకు పెద్ద అయిన మాల్కియన్ సంఘంలో ప్రెస్బితరు కూడా. 268 ప్రాంతంలో తన బిషపు మీదే వాదించి గెలిచాడు. హోమర్ చెప్పే క్రైస్తవ పంతులు ఊరూరా మామూలైపోయాడు. సరిగ్గా అప్పుడు దెబ్బ పడింది.

ఆ దెబ్బ కొట్టిన జూలియన్ క్రైస్తవుడిగా పెరిగి, పాత దేవుళ్ల వైపు వెళ్లిన చక్రవర్తి. 355లో ఏథెన్సులో చదువుకున్నాడు. అప్పుడు అక్కడ ఇద్దరు కప్పదోకియ కుర్రాళ్లు కూడా చదువుతున్నారు, బాసిల్, నజియాంజస్ గ్రెగొరీ. ఏడేళ్ల తర్వాత, 362 జూన్ 17న, చక్రవర్తి హోదాలో ఒక చట్టం చేశాడు. పంతుళ్లకు ముందు నడవడి బాగుండాలి, తర్వాతే వాక్చాతుర్యం, నియామకాలు చక్రవర్తి ఆమోదానికి పంపాలి. అందులో క్రైస్తవుల ఊసు లేదు. ఆయన రాసిన ఒక లేఖ అసలు సంగతి బయటపెట్టింది. హోమర్, హెసియడ్, హెరొడోటస్, డెమోస్థెనిస్ దేవుళ్లను నమ్మినవాళ్లు. వాళ్ల రచనలు చెప్పి జీతం తీసుకుంటూ వాళ్ల దేవుళ్లను తూలనాడేవాడు నిజాయితీ లేనివాడు. నమ్మకం లేకపోతే గలిలయుల, అంటే క్రైస్తవుల, గుళ్లకు వెళ్లి మత్తయినీ లూకానూ చెప్పుకోవచ్చు. చదువుకోవాలనుకునే క్రైస్తవ పిల్లలకు మాత్రం అడ్డు లేదు.

ఆ చివరి మాట దగ్గర నేను పుస్తకం మూసేశాను. నేర్చుకోవచ్చు, నేర్పకూడదు. టెర్టూలియన్ చెప్పిందీ అక్షరాలా ఇదే. క్రైస్తవంలోని కరకు మనిషి, క్రైస్తవాన్ని ద్వేషించిన చక్రవర్తి, 160 ఏళ్ల తేడాతో ఒకే తీర్పు ఇచ్చారు. పాఠం చెప్పేవాడు ఆ పాఠంలోని దేవుణ్ణి నమ్మి తీరాలని ఇద్దరి నమ్మకం. ఆ చట్టం మన దగ్గర ఉంటే నాకు ఉద్యోగమే ఉండేది కాదు.

ఏథెన్సులో అందరికన్నా పేరున్న అధ్యాపకుడు ప్రొహెరీసియస్, ఎనభై దాటిన ముసలాయన, క్రైస్తవుడు. జూలియన్ ఆయనకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చాడని, ఆయన వద్దని తప్పుకున్నాడని జెరోమ్ రాశాడు. రోములో మారియస్ విక్టోరినస్ కూడా పదవి వదిలేశాడు. సిరియాలోని లవొదికయలో అపోలినారిస్ అనే తండ్రీకొడుకులు వేరే దారి పట్టారు. వీళ్లు సాహిత్యం పిచ్చి ఉన్నవాళ్లు. ఇంతకుముందొకసారి, గురువైన ఎపిఫానియస్ డయోనిసస్ దేవుడి మీద స్తోత్రం చదువుతుంటే లేచి రాకుండా విన్నందుకు వీళ్లను బిషపు వెలివేసి, పశ్చాత్తాపపడ్డాక మళ్లీ చేర్చుకున్నాడు. ఇప్పుడు హోమర్‌ను లాక్కున్నారు కదా అని సొంత హోమర్‌ను తయారుచేయడానికి కూర్చున్నారు. సౌలు రాజు దాకా హెబ్రీ చరిత్రను హోమర్ ఛందస్సులో 24 భాగాలుగా రాశారు. మెనాండర్ తరహా ప్రహసనాలు, యురిపిడిస్ తరహా విషాద నాటకాలు, పిండార్ తరహా గీతాలు రాశారు. సువార్తలను ప్లేటో సంభాషణలుగా మలిచారు. పిల్లలకు వ్యాకరణం కూడా సిద్ధమైంది.

జూలియన్ 363 జూన్ 26న పారసీక యుద్ధంలో చనిపోయాడు. 364 మొదట్లో పంతుళ్లను తిరిగి తీసుకున్నారు. అందరూ ఆ క్షణమే పాత హోమర్ దగ్గరికి పరుగెత్తారు. అపోలినారిస్‌ల బైబిలు కావ్యాలను ఎవరూ నకలు రాసుకోలేదు, అన్నీ పోయాయి. తర్వాతి శతాబ్దపు చరిత్రకారుడు సోక్రటీస్, క్రైస్తవుడే, వాళ్ల శ్రమ జరగనట్టే లెక్క అని నిర్మొహమాటంగా రాశాడు. నాకు ఇది తొలి క్రైస్తవ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. సొంత పుస్తకాలు చేతికందినా వాళ్లకు కావాల్సింది హోమరే.

జూలియన్ పక్షపువాడైన అమ్మియానస్ మార్సెల్లినస్ కూడా ఈ చట్టాన్ని సమర్థించలేదు, దాన్ని మరుగున పడేయాలన్నాడు. నజియాంజస్ గ్రెగొరీకి మాత్రం కోపం చల్లారలేదు. చచ్చిపోయిన చక్రవర్తి మీద రెండు పెద్ద ప్రసంగాలు రాసి తిట్టాడు. గ్రీకు మాట ఎవడి తాతసొత్తు అని అడిగాడు, అక్షరాలు ఫినీషియన్ల దగ్గర నుంచి తెచ్చుకోలేదా అన్నాడు. ఆపైన తానే సుమారు 17,000 పద్య పాదాలు రాశాడు, పరాయివాళ్లు కవిత్వంలో మాకంటే ఎక్కువ కాకూడదని కారణం కూడా చెప్పాడు. అన్నీ మంచి పద్యాలని నేను అనను. స్వీయచరిత్ర పద్యం ఒక్కటి చాలు.

బాసిల్ సౌమ్యుడు. కప్పదోకియలోని కైసరయకు బిషపు అయిన ఈయన కుర్రాళ్ల కోసం గ్రీకు సాహిత్యం ఎలా చదవాలో చిన్న ప్రసంగం రాశాడు. తేనెటీగ అన్ని పువ్వుల మీదా వాలదు, వాలిన పువ్వును మొత్తం మోసుకుపోదు, మీరూ అలాగే చదవండి అన్నాడు. ఉదాహరణలన్నీ హోమర్, హెసియడ్, తత్వవేత్త సోక్రటీసు, రెండు దారుల మధ్య నిలబడ్డ హెరాక్లిస్. తమాషా ఏమిటంటే సైరెన్‌ల కథ దగ్గర ఈయన క్లెమెంట్‌కు ఎదురు: చెడ్డ కథ వస్తే చెవులు మూసుకోండి అంటాడు. పంతులుగా నా ఓటు క్లెమెంట్‌కే. కానీ బడుల్లో గెలిచింది బాసిల్. 1400 ప్రాంతంలో లియొనార్దో బ్రూని దాన్ని లాటిన్‌లోకి మార్చాక, ఇటలీలో గ్రీకు చదువు మొదలుపెట్టిన ప్రతివాడూ దాన్ని అడ్డు పెట్టుకున్నాడు.

తర్వాతి వందేళ్లలో ఈ కలయిక వింత రూపాలు తీసుకుంది. ఏథెన్సు తత్వవేత్త కూతురు ఒకామె బాప్తిస్మం పొంది, యుదోకియా అనే పేరుతో 421లో చక్రవర్తి రెండో థియొడోసియస్‌ను పెళ్లాడింది. యెరూషలేములో ఉంటూ, హోమర్ పాదాలనే ఏరి కూర్చి, 2,300కు పైగా పాదాల్లో ఆదాము నుంచి క్రీస్తు దాకా కథ చెప్పింది. ఆమె పాదాలు ఏరుతూ కూర్చుంటే, ఈజిప్టులో నోన్నస్ రెండు కావ్యాలు రాశాడు. ఒకటి డయోనిసస్ దేవుడు ఇండియా మీద దండెత్తిన కథ, 48 సర్గలు. ఇంకోటి యోహాను సువార్త, అదే ఛందస్సులో. ఆయన ఏ మతం వాడని పండితులు చాలాకాలం కొట్టుకున్నారు. ఆ కొట్లాట నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మన కవి జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన అంతకుముందు ఎవరి కథలు రాశాడో మనకు తెలియదా?

529లో చక్రవర్తి జస్టీనియన్ చట్టం చేశాడు. ఈసారి పాత దేవుళ్లను నమ్మేవాళ్లు పాఠం చెప్పకూడదు. జూలియన్ చట్టాన్నే తిరగేసి రాశారు. ఏథెన్సులో ప్లేటో పాఠాలు ఆగాయి. దమాస్కియస్‌తో కలిపి ఏడుగురు తత్వవేత్తలు పారసీక రాజు ఖుస్రో దగ్గరికి వెళ్లారు, 532 సంధిలో వాళ్లు తిరిగి వచ్చేందుకు ఒక షరతు రాయాల్సి వచ్చింది. మా వాళ్ల చేత జరిగినా దీన్ని నేను వెనకేసుకు రాను. చట్టం చేతికి వచ్చినప్పుడు క్రైస్తవులు జూలియన్ కంటే మెరుగ్గా ఏమీ నడుచుకోలేదు.

అయితే పంతుళ్లను తరిమినా పుస్తకాలను తరమలేదు. బైజాంటియం బడుల్లో పిల్లలు ఇలియడ్ వల్లిస్తూనే ఉన్నారు. ఇలియడ్, ఒడిస్సీల మీద 12వ శతాబ్దంలో అతి పెద్ద వ్యాఖ్యానాలు రాసిన యూస్టాథియస్ థెస్సలొనీక ఆర్చిబిషపు. 895 నవంబరులో అరెథాస్ అనే డీకను జాన్ అనే లేఖకుడి చేత ప్లేటో సంభాషణలు నకలు రాయించాడు. రాసినందుకు 13 బంగారు నాణేలు, రాత తోలుకు 8, ఆ ఖర్చు పుస్తకంలోనే నమోదై ఉంది. ఆ ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అరెథాస్ తర్వాత కప్పదోకియ కైసరయకు ఆర్చిబిషపు అయ్యాడు, అది బాసిల్ కూర్చున్న పీఠం. అక్కడ ఉండగా 914లో క్లెమెంట్ పుస్తకాలు కూడా రాయించాడు. 'ప్రోత్రెప్టికోస్' ప్రతులు ఈనాడు ఎక్కడున్నా అన్నీ ఆ ఒక్కదానికి నకళ్లే.